గంజి పెట్టిన తెర

డెబ్బై రెండు కరువు దాటి, ఒక మంచి పంట ఇళ్లకు చేరిన మరుసటి ఎండాకాలం అది. హోలీ వెళ్లిన కొన్నాళ్లకు నాందేడ్‌లో మా సాలోళ్ల గల్లీలోకి ఒక పాత వ్యాను వచ్చింది. గల్లీ సన్నం, వ్యాను వెడల్పు. అటు గోడకూ ఇటు గోడకూ రాసుకుంటూ మా గడప ముందుకు వచ్చేసరికి దాని ఒంటిమీద మిగిలిన కాస్త రంగూ రాలిపోయింది. కండెలు చుడుతున్న ఆడవాళ్లంతా రాట్నాలు వదిలేసి బయటికి వచ్చారు.

ముందు నుంచి డ్రైవరు మారోతి దిగాడు. వెనక తలుపు తెరుచుకుని నా కొడుకు కాశీనాథ్ దూకాడు. మొహం నిండా నవ్వు.

“అవ్వా, ఈసారి అడివిల మన ఇల్లు గిదే. సేఠ్ ఇచ్చిండు. ఆకుల గుడిసె లేదు, కింద పండుకునుడు లేదు. నాలుగు కిటికీలు, వెనక తలుపులు. ఎక్కి చూడు!”

ఎక్కి చూశాను. కిటికీలకు అద్దాలు లేవు. నేల రేకు తుప్పు పట్టి జల్లెడలా ఉంది.

కాశీనాథ్ ప్రతి ఎండాకాలం కిన్వట్ అవతల సర్ఖని అడవికి, ఆ సేఠ్ తునికాకు కల్లం మీద మున్షీగా పోయేవాడు. ఊళ్లవాళ్లు కోసుకొచ్చిన బీడీ ఆకు కట్టలు చూసి తీసుకోవడం, ఎండబెట్టించడం, తిరగేయించడం, గోనె బోరాలకు ఎత్తించడం అతని పని. మిల్లు బట్ట వచ్చాక మగ్గం మా ఇంటిని మోయలేకపోయింది. ఆ నెలన్నర పనే ఏడాది పొడుగూ మాకు ఆసరా.

పోయిన ఏడు అక్కడినుంచి చలిజ్వరం తెచ్చుకున్నాడు. గుడిసెలో పడి ఉంటే నీళ్లిచ్చే దిక్కు లేదు. బస్సు కండక్టరు కబురు చెబితే గాని మాకు తెలియలేదు. ఇంటికి తెచ్చుకున్నాం. అతను లేచి కూర్చున్నాడు. అతని పక్కన కూర్చుని ఒళ్లు తుడిచిన నా కోడలు దమయంతి పడింది. అప్పుడు ఆమెకు మూడో నెల. జ్వరం తగ్గింది గాని కడుపు నిలవలేదు. దవాఖానలో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి మరాఠీలో మెల్లగా చెప్పింది, మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు ఈ జ్వరం రానివ్వొద్దని, దోమ కుట్టకుండా చూసుకొమ్మని.

ఇప్పుడు దమయంతికి మళ్లీ నాలుగు నిండి ఐదో నెల నడుస్తోంది.

“నేను గూడ పోత” అంది ఆమె, వ్యాను చక్రం దగ్గర నిలబడి కొంగు కొస వేలికి చుట్టుకుంటూ.

“ఏడికి?” అన్నాను.

“ఆయన ఏడికి పోతే గాడికి.”

“డాక్టరమ్మ ఏమన్నదో యాది లేదా బిడ్డా?”

“యాది ఉన్నదత్తా. ఆయన నీళ్ల కోసం మొత్తుకుంటుంటే ఎవ్వలు లేరన్నది గూడ యాది ఉన్నది. నువ్వు ఉండుమంటే ఉంట. గని నా పానం ఈడ ఉండది.”

ఎన్నడూ నాకు ఎదురు చెప్పని పిల్ల. అంతకంటే గట్టిగా అరిచి ఉంటే ఆపేదాన్నేమో. మెల్లగా చెప్పేసరికి ఆపలేకపోయాను.

“అట్లయితే నేను గూడ అస్త” అన్నాను.

“ఇగ మగ్గం గూడ పీకి లోపలేద్దాం. గల్లీ మొత్తం పోదాం” అన్నాడు కాశీనాథ్. నవ్వులాటగానే అన్నాడు గాని, దమయంతి వైపు చూసిన చూపులో సంతోషం దాగలేదు.

అందరికీ ఆ వ్యాను ఇల్లులా కనబడింది. నాకు మాత్రం కన్నాల పుట్టలా కనబడింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నేను లోపల కూర్చుని కిటికీలకు గోనెసంచులు అడ్డం కట్టించి తలుపులు వేయించుకున్నాను. చీకట్లో ఎక్కడెక్కడ వెలుతురు సూదిలా దూరుతోందో అక్కడల్లా బొగ్గుతో గీత పెట్టాను. తర్వాత తెగిన నూలు పోగులు ఉండలు చుట్టి, తారులో ముంచి, ఒక్కో కన్నంలో కూరాను. వెనక నుంచి మొదలుపెట్టి డ్రైవరు సీటు కిందిదాకా వచ్చాను.

“మౌశీ, గా సందులనే నా బ్రేకు ఉన్నది. గది గూడ మూస్తవా?” అన్నాడు మారోతి.

“దోమ అచ్చే సందయితే మూస్త.”

“గట్లయితే ఘాటు దిగంగ నువ్వే ముంగట నిలబడి బండి ఆపాలె.”

బ్రేకు ఒక్కటి వదిలేశాను. అది మనసుకు ముల్లులానే ఉండింది. ముందు సీట్లకూ వెనక గదికీ మధ్య రేకు గోడ ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఇక కిటికీలు. దోమ దూరనంత సన్న ఇనుప జాలీ కావాలంటే హైదరాబాద్ నుంచి తెప్పించాలన్నాడు దుకాణంవాడు, ఎప్పటికి వస్తుందో చెప్పలేనన్నాడు. ఎదురుచూసేంత వ్యవధి లేదు. బట్ట నేసే ఇంటివాళ్లం, తెర మనమే నేసుకుందాం అనుకున్నాను.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు కండెలు చుడతారు, గంజి కాస్తారు, పడుగు సాగదీస్తారు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేది మగవాళ్లే. నా పెనిమిటి పోయిన నాటి నుంచి ఆ గుంటలోకి ఎవరూ దిగలేదు. చీపురు తీసుకుని బూజు దులిపి నేనే దిగాను. మా మరిది ఎంకన్న గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. లోపలికి వచ్చి దువ్వెన లాంటి పన్నెలోకి పోగులు అందించాడు. పంటికొక పోగు, నడుమ పన్ను ఖాళీ. పేక మీద దెబ్బ గట్టిగా వేయకుండా తేలిగ్గా తాకించి వదలాలి. నేత రాని దానికి అదే మేలయింది, నా దెబ్బలో ఎలాగూ బలం లేదు.

తెర అయితే వచ్చింది. కానీ వేలు పెట్టి నెడితే పోగులు పక్కకు జరిగి శనగగింజ పట్టేంత కన్నం పడుతోంది. దోమకు ఆమాత్రం చాలదా?

పోగు జారితే గంజి పెట్టాలి. సాలె ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ మాట ఎవరూ నేర్పనక్కర్లేదు. జొన్నపిండి గంజి చిక్కగా కాచాను. తెరను వెదురు బద్దల మీద లాగి కట్టి, కుంచెతో ఇటొకసారి అటొకసారి పట్టించాను. ఎండకు అది పలకలా బిగిసింది. వేలితో నెట్టాను, పోగు కదల్లేదు. ఇంకా మనసు ఆగక రెండో పూత కూడా వేశాను.

“వదినె, ఇది దోమతెరనా, అప్పడమా? నూనెల ఏస్తే పొంగేటట్టున్నది” అన్నాడు ఎంకన్న.

“పొంగితే పొంగని. దోమ మూతి అయితే వంగుతది.”

సూర్యుడికి ఎదురుగా పట్టి చూశాను. ప్రతి గడిలోంచీ వెలుతురు వస్తోంది. వెలుతురు వచ్చే చోట గాలి రాదన్న అనుమానం మా ఎవరికీ కలగలేదు.

చట్రాలు బిగించి, అంచులకు గుడ్డ మడిచి మేకులు కొట్టాం. మారోతి లోపల కూర్చుని బీడీ ముట్టించాడు. పొగ కిటికీ వరకు పోయింది, తెరను తాకింది, వెనక్కి తిరిగి అతని మొహం మీదికే వచ్చింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

“సూసినవా కాశీ! పొగనే పోతలేదు, ఇగ దోమేడ అస్తది?”

కాశీనాథ్ నవ్వలేదు. “పొగ పోతలేదంటే గాలి గూడ పోదు గదా అవ్వా.”

“తలుపు లేదా? తలుపుల నుంచి అస్తది గాలి. కోడలికి గాలి కావాల్నా, పానం కావాల్నా?”

కాశీనాథ్ పోయి సామాను ఎక్కించసాగాడు.

భోకర్, హిమాయత్‌నగర్, కిన్వట్ దాటి సర్ఖని చేరేదాకా ఆ వ్యాను దాహంతో ఉన్న ఎద్దులా ఊరూరా ఆగి నీళ్లు తాగింది. కల్లం ఊరికి ఎడంగా, వాగు ఒడ్డున ఉంది. వ్యానును ఒక ఇప్పచెట్టు కింద నిలిపాం. వెనక గదిలో రెండు బల్లలు, ఒక దండెం, నీళ్ల కుండ, మూలన సామాను. దమయంతి కుంకుమతో తలుపు మీద బొట్టు పెట్టింది. అంతే, ఇల్లయింది.

దోమ రాలేదు. ఆ మాట నిజం. కానీ మూడో రోజుకే ఆ ఇల్లు పొయ్యి అయింది. పగలంతా ఎండకు కాగిన రేకు పొద్దుగూకాక కూడా చల్లబడేది కాదు. దమయంతి జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కునేది. కూర్చుంటే ఆయాసం, పడుకుంటే ఆయాసం. కాశీనాథ్ ఓపిక పట్టి పట్టి, ఒకరోజు ఉలీ సుత్తీ తెచ్చి వ్యాను పైకెక్కాడు. పైకప్పుకు పళ్లెమంత కన్నం కొట్టాడు. వనస్పతి డబ్బాను అడ్డంగా కోసి, గాలి వచ్చే వైపుకు నోరు తిప్పి, దాని మీద టోపీలా బిగించాడు. గాలి డబ్బాలో పడి లోపలికి దిగింది. దమయంతి ఆ కన్నం కింద మొహం పెట్టి కళ్లు మూసుకుని నిలబడింది.

నాకు మాత్రం ఆకాశమంతా నోరు తెరిచి దోమల్ని మా మీద గుమ్మరిస్తున్నట్టు ఉంది. అతను ఆకు చూసుకోవడానికి పోగానే మిగిలిన తెర ముక్క ఆ కన్నానికి బిగించాను. సాయంత్రం అతను వచ్చి పీకేశాడు. పొద్దున నేను మళ్లీ కట్టాను. ఆ పని అలాగే సాగింది. అతను ఒక సందు తెరిస్తే నేను ఒకటి మూసేదాన్ని. అతను గోనెసంచి తడిపి తలుపుకు వేలాడదీస్తే, తడి ఉన్న చోట దోమ గుడ్లు పెడుతుందని నేను తీసి ఎండలో ఆరేసేదాన్ని.

“మీ తల్లీకొడుకుల నడుమ నా గొంతు ఎండుతున్నది” అంది దమయంతి ఒకరోజు. నవ్వుతూనే అంది. కళ్ల కింద నల్లగా ఉంది.

ఆకు కట్టలు తెచ్చే వాళ్లల్లో భీంబాయి అని ఒక గోండు ముసలామె ఉండేది. వాళ్ల గూడెంలో కాన్పులు చేసేది ఆమే. ఒకరోజు వ్యానులోకి తల పెట్టి చూసి వెంటనే వెనక్కి తీసుకుంది.

“గీ డబ్బాల ఎట్లుంటరమ్మా? మేం జొన్నలు గూడ గింత మూసి పెట్టం, బూజు పడ్తయని.”

“మీకు దోమలు లేవా?” అన్నాను.

“ఉన్నయి. మాకు గాలి గూడ ఉన్నది.”

ఆమె మాటకు మగపిల్లలు, ఆడపిల్లలు, ఆకు మోసేవాళ్లు అంతా నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఒక కడుపు పోగొట్టుకున్న ఇల్లు మాది, మీకేం తెలుసు అనుకున్నాను.

రోజూ సందెవేళ వెనక మెట్టు మీద బొగ్గుల కుంపటి పెట్టి, వేపాకు వేసి, తలుపులు తెరిచి లోపలికి పొగ పట్టేవాళ్లం. కాసేపటికి కుంపటి దూరంగా జరిపి, పొగ పోయాక తలుపుకు కట్టిన పరదా దింపుకునేవాళ్లం. పగలు దమయంతి ఇప్పచెట్టు నీడలోనే ఉండేది. అలా ఉన్న ఒక మధ్యాహ్నం చేతిలో చాట వదిలేసి నన్ను పిలిచింది.

“అత్తా, లోపల ఏందో… చాప పిల్ల తోక కొట్టినట్టు.”

నాకు అర్థమైంది. ఆమె మొహం చూసి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఆనాటి నుంచి పొద్దున లేవగానే నా మొదటి మాట ఒకటే: “కదిలిందా?” ఆమె తల ఊపేది. ఆ తల ఊపు చూశాకే నేను మొహం కడుక్కునేదాన్ని.

వైశాఖం సగం పోయాక ఒక మధ్యాహ్నం వాగు అవతల ఆకాశం కాటుక పట్టినట్టు అయింది. కల్లమంతా ఆకు పరిచి ఉంది. తునికాకుకు వాన తగిలితే నల్ల మచ్చ పడుతుంది, బీడీకి పనికిరాదు. కాశీనాథ్, మారోతి, కూలీలు ఆకు మీద కప్పే తాటిపత్రీలు పట్టుకుని పరుగెత్తారు. నేను దమయంతిని వ్యానులోకి ఎక్కించాను. సందె కాకముందే చీకటి పడుతోందని వేపాకు పొగ వేద్దామని కుంపటి అప్పటికే మెట్టు మీద పెట్టి ఉన్నాం.

గాలి మొదట వచ్చింది, వెనక వడగళ్లు, వెనక వాన. పైకప్పు డబ్బాలోంచి నీళ్లు ధారగా పడ్డాయి. కాశీనాథ్ కల్లం నుంచి ఉరికొచ్చి, పైకెక్కి ఆ కన్నంలో గోనెసంచి కుక్కాడు. దిగి వస్తూ, తడిసిపోతున్న కుంపటిని చూసి లోపలికి జరిపాడు.

“అవ్వా, నిప్పు ఆరిపోతది, లోపలనే ఉండని. తలుపులు కొట్టుకుంటున్నయి, బయటికెళ్లి గొళ్లెం పెడ్తున్న” అని అరిచి, గొళ్లెం వేసి కల్లం వైపు పరుగెత్తాడు. ఆ తలుపులకు గొళ్లెం బయటే ఉండేది.

కుంపట్లో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. నేను ఇంకో గుప్పెడు వేపాకు వేశాను. బయట వాన రేకు మీద తప్పెట కొడుతోంది. లోపల ఒక్క దోమ చప్పుడు లేదు. అన్ని రోజుల్లో మొదటిసారి నాకు భయం లేదనిపించింది.

“అత్తా, తలకాయ బరువైతున్నది” అంది దమయంతి.

“వానకు బిడ్డా. జరసేపు పండుకో.”

ఆమె బల్ల మీద ఒరిగింది. నాకూ కళ్లు బరువెక్కాయి. గోడకు చేరగిలబడ్డాను. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు, ఎవరో మెల్లగా జోకొడుతున్నట్టు ఉంది. అప్పుడే, ఎందుకో, కిటికీ వైపు చూశాను. పొగ కిటికీ దాకా పోయింది. తెరను తాకింది. వెనక్కి తిరిగింది. అలా తిరిగిన పొగంతా పైన రేకు కింద చేరి, మబ్బులా కిందికి దిగి నా కళ్ల ముందుకు వచ్చి ఉంది.

“దమయంతీ.”

పలకలేదు.

“బిడ్డా, దమయంతీ!”

లేవబోతే మోకాళ్లు నావి కావన్నట్టు ఉన్నాయి. పాకుతూ పోయి తలుపు మీద కొట్టాను. ఆ వానలో ఎవరికి వినిపిస్తుంది? కిటికీ అందుకుని తెర మీద చెయ్యి పెట్టాను. వానకు జొన్నగంజి నాని ఉబ్బి, పాల మీద మీగడ కట్టినట్టు తెరంతా ఒక్క తోలయింది. గడి అన్నదే లేదు. గోళ్లతో చింపబోయాను. చిరగలేదు. నా నేతే అది, పోగు గట్టిది.

కూరగాయలు కోసే కొడవలి సామాను మీద ఉంది. తీసి పైనుంచి కిందికి లాగాను. తెర పర్రున చీలింది. చల్లగాలీ వాన నీళ్లూ కలిసి మొహాన కొట్టాయి. దమయంతి చంకల కింద చేతులు వేసి ఈడ్చి, ఆమె మొహం ఆ చీలికలో పెట్టాను. తర్వాత రెండో కిటికీ, తర్వాత మిగతావి. నీళ్ల కుండ ఎత్తి కుంపటి మీద కుమ్మరించాను. బుస్సుమని బూడిద లేచింది.

దమయంతి దగ్గింది. దగ్గి దగ్గి కిటికీలోంచి బయటికి కక్కుకుంది. అంత ఇంపైన చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు.

వాన తగ్గాక కాశీనాథ్ గొళ్లెం తీశాడు. ఒళ్లంతా బురద, చేతులు ఆకు పసరు.

“ఆకు సగం మిగిలిందవ్వా…” అంటూ ఆగిపోయాడు. చీలిన తెరలు చూశాడు. కుంపటి చూశాడు. భార్య మొహం చూశాడు. ఎవరూ చెప్పకుండానే అతనికి అంతా తెలిసింది. మెట్టు మీదే కూలబడ్డాడు.

“నేనే లోపల పెట్టిన గదా అవ్వా” అన్నాడు.

“తలుపు గట్లనే ఉండని” అన్నాను.

వాన వెలిసిన సాయంత్రం దోమలు మబ్బులా వచ్చాయి. దమయంతిని చెట్టు కింద నులక మంచం మీద పడుకోబెట్టి, నా పాత చీర మడత ఆమె కాళ్ల మీద కప్పి, తెల్లవారేదాకా కొంగుతో విసురుతూ కూర్చున్నాను. ఎన్ని తోలానో, ఎన్ని తప్పించుకున్నాయో. ఇక ఈ చలిజ్వరం వారానికి వస్తుందా, రెండు వారాలకు వస్తుందా అని ఒక భయం. అది పెద్ద భయం అనుకున్నాను.

పొద్దున ఆమె కళ్లు తెరవగానే రోజూ అడిగే మాట అడిగాను.

“కదిలిందా?”

దమయంతి తల ఊపలేదు. నా వైపు చూసింది, తర్వాత ఇప్పచెట్టు కొమ్మల వైపు చూసింది.

“నిన్న వాన ముందట కదిలిందత్తా. గప్పటి నుంచి లేదు.”

మారోతి బండి తీస్తానన్నాడు, కిన్వట్ దవాఖానకు. బండి వాగు దాకా పోయి తిరిగి వచ్చింది. వాగు ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. సాయంత్రానికి గాని దిగదన్నాడు. కాశీనాథ్ గూడేనికి పరుగెత్తి భీంబాయిని తెచ్చాడు. ఆమె దమయంతి పొట్ట మీద రెండు చేతులూ ఆనించింది. పక్కకు వంగి చెవి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. మేమంతా ఆమె నోటి వైపు చూశాం.

“ఏమన్న ఇనబడ్డదా?” అన్నాడు కాశీనాథ్.

“నీ గుండె కొట్టుకునుడే ఇనబడుతున్నది. జర దూరం పో.” అతను పోయాక నాతో మెల్లగా అంది, “ఒక్కొక్కపారి పండుకుంటరు. ఆమెకు ఇంత జావ తాపియ్యి. పొద్దుగూకేదాంక సూద్దాం.”

ఆమె చూపులో ఏముందో వెతికాను, దొరకలేదు.

జావ తాగించాను. తర్వాత ఏం చేయాలో తోచలేదు. కాశీనాథ్ మచ్చ పడిన ఆకు కుప్ప ముందు కూర్చుని, ఒక్క కట్ట కూడా ముట్టుకోకుండా అలాగే ఉండిపోయాడు. నేను చీలిన తెరలన్నీ చట్రాల నుంచి ఊడదీసి వాగుకు పట్టుకుపోయాను. రాయి మీద వేసి ఉతికాను. పాలలాంటి నీళ్లు వచ్చాయి, ఉతికిన కొద్దీ వచ్చాయి. రెండు పూతల గంజి అది. చివరికి నీళ్లు తేటగా వచ్చాక తెర ఎత్తి మొహానికి పెట్టుకుని ఊదాను. ఊపిరి అవతలికి పోయింది.

పోగులు మళ్లీ జారుతాయి, అది తెలుసు. అందుకే తిరిగి వచ్చి దమయంతి మంచం పక్కన కూర్చుని, చీలికలు కలిపి కుట్టి, ఆ తర్వాత తెర పొడుగునా అడ్డంగా నిలువుగా సూదితో టాకాలు వేయడం మొదలుపెట్టాను, పోగు ఎక్కడిదక్కడ నిలబడేటట్టు. చేతులకు పని లేకపోతే పిచ్చెక్కేలా ఉంది. రెండు టాకాలకొకసారి ఆమె మొహం చూస్తున్నాను. అడగొద్దు, అడగొద్దు అనుకుంటున్నాను.

“మళ్ల కుడుతున్నవా అత్తా?” అంది కళ్లు మూసుకునే.

“కుడుతున్న. ఈసారి గంజి లేదు.”

“మంచిది.” కాసేపాగి అంది, “అత్తా, నిన్న నా మీద కోపానికి అచ్చినవా, అంత గట్టిగ గుంజినవ్? చంకలల్ల ఇంక నొస్తున్నది.”

“నొయ్యని. బాగ నొయ్యని.”

ఆమె పెదవులు కదిలాయి. అది నవ్వేనని అనుకున్నాను. ఆ నవ్వు చివర కళ్లల్లోంచి నీళ్లు చెవుల వైపు కారాయి. నేను సూది తెరకు గుచ్చి పక్కన పెట్టాను.

పొద్దు వాలి ఇప్పచెట్టు నీడ వ్యాను మీదికి పాకింది. వాగు దిగుతోందని మారోతి కేక వేశాడు. కాశీనాథ్ లేచి నిలబడ్డాడు. అప్పుడు దమయంతి ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది. నా అరచెయ్యి తీసుకుని తన పొట్ట మీద, బొడ్డు కింద ఒక పక్కకు ఆనించి పట్టింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి, ఎక్కడో దూరంగా ఏదో వింటున్నట్టు.

“ఏంది?” అన్నాను.

“ష్…”

నా చేతి కింద ఏమీ లేదు. ఆమె ఊపిరి ఒకటే పైకీ కిందికీ. కాశీనాథ్ అడుగులు దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. అంతలో ఒక దోమ గీమని చుట్టూ తిరిగి నా చెయ్యి వెనక, నరం పక్కన వాలింది. వెనక కాళ్లు లేపి తొండం దించింది. దమయంతి అది చూసి కొట్టబోయి రెండో చెయ్యి ఎత్తింది.

“వద్దు బిడ్డా” అన్నాను. “కదలకు.”

చురుక్కుమంది. నేను చెయ్యి తీయలేదు, వేలు కూడా ఆడించలేదు. దోమ పొట్ట మెల్లమెల్లగా ఎర్రబడుతోంది. అది చూస్తూ ఉండగానే అరచేతి కింద ఏదో తగిలింది. తగిలిందో, నా భ్రమో తెలియనంత మెత్తగా. ఊపిరి ఆపాను. మళ్లీ తగిలింది. ఈసారి చిన్న మడమ తలుపు తన్నినట్టు, కోపంగా.

దమయంతి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. కాశీనాథ్ “ఏమైందవ్వా, ఏమైంది?” అని అడుగుతూనే ఉన్నాడు.

దోమ కడుపు నిండా తాగింది. బరువుగా లేచి, ఇంకా తెర బిగించని కిటికీలోంచి నెమ్మదిగా లోపలికి పోయింది. నేను దాని వెంట చూడలేదు.